పణం ఎవరిది? పోకర్ పోటీలోని 'డ్రా', నలుని అక్షహృదయం: ఒక నైతిక పరిశీలన

మహాభారతంలోని జూదాన్ని గురించిన చర్చ తరచుగా ధర్మరాజు వ్యసనంతో మొదలై ద్రౌపది ప్రశ్నతో ముగుస్తుంది. నలోపాఖ్యానం ఆ చర్చలో ఒక ఓదార్పు కథగానే స్థానం పొందింది. అరణ్యవాసంలో బృహదశ్వుడు ఆ కథను ధర్మరాజుకు చెప్పిన సందర్భం అటువంటిదే కనుక ఇందులో ఆశ్చర్యం లేదు. అయితే ఆ ఉపాఖ్యానం నడుమ అక్షహృదయం అనే ఒక విద్య ఉంది. దాని వెంట ఒక ప్రశ్న ఉంది. పందెం లెక్క తెలిసి ఆడేవాడి చర్యకూ, తెలియక ఆడేవాడి చర్యకూ నైతికంగా భేదం ఉన్నదా? ఉంటే అది ఎంతవరకు? గ్రంథంలోపలి ఆధారాలతో మాత్రమే విచారిస్తే ఈ ప్రశ్న త్వరగా విధి, కలిపురుషుడు అనే మాటల దగ్గరికి చేరి ఆగిపోతుంది. లెక్క పూర్తిగా బయటపడి ఉండి, కలి ప్రమేయం లేని ఆట ఒకదానిని ఎదురుగా పెట్టుకుంటే విచారణ మరికొంత ముందుకు సాగుతుంది. పోకర్ పోటీలో బలమైన 'డ్రా' చేతికి వచ్చిన ఆటగాడి పరిస్థితి అందుకు తగినది.

లేని ముక్కకు వెల

పోకర్‌లో ఇప్పుడు ఎక్కువగా ఆడే పద్ధతి టెక్సాస్ హోల్డెమ్. ప్రతి ఆటగాడికీ రెండు ముక్కలు మూసి ఇస్తారు. బల్లమీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలను మూడు విడతలుగా తెరుస్తారు: మొదట మూడు, తరువాత ఒకటి, చివర ఒకటి. ఈ ఏడింటిలో మేలైన అయిదు ముక్కల కూర్పు ఎవరిదైతే వారిదే గెలుపు. విడత విడతకూ పందెం ఉంటుంది. రమ్మీ ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇందులో కొత్తగా తోచేది ఒకటే. రమ్మీలో ముక్కలు కలవనివాడు కలిసేదాకా ఎత్తి దించుతూ పోతాడు. పోకర్‌లో కలవని ముక్కల మీదనే డబ్బు ఒడ్డవలసి వస్తుంది. అలా ఇంకా పూర్తికాక, పూర్తి కాగల అవకాశం మాత్రమే ఉన్న ముక్కలను 'డ్రా' అంటారు.

ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. చేతిలో ఆఠీను పది, ఆఠీను తొమ్మిది. బల్లమీద ఆఠీను ఎనిమిది, ఆఠీను రెండు, కళావరు జాకీ. ప్రస్తుతానికి ఇతడికి ఒక్క జత కూడా లేదు. ఎదుటివాడి దగ్గర రెండు ఆసులున్నాయనుకుంటే, ఆట ఇక్కడే ఆగితే ఇతడు ఓడినట్లే. కాని మరొక ఆఠీను పడితే అయిదు ముక్కలూ ఒకే రంగు అవుతాయి. రాణి గాని ఏడు గాని పడితే వరుస కుదురుతుంది. మిగిలిన ఆఠీన్లు తొమ్మిది. రాణులు, ఏడులు కలిపి ఎనిమిది. వాటిలో రెండు ఆఠీన్ల లెక్కలోనే వచ్చాయి. మొత్తం పనికివచ్చే ముక్కలు 15. ఇతడికి కనబడని ముక్కలు 47. ఇంకా తెరవవలసినవి రెండు. ఆ రెంటిలో కనీసం ఒకటి ఈ పదిహేనింటిలోనిది అయ్యే అవకాశం నూటికి 54కు కొద్దిగా పైన. ఒక్క రంగు కోసమే ఎదురుచూసేవాడికైతే తొమ్మిది ముక్కలే ఆధారం, అవకాశం నూటికి 35. అంటే డ్రా బలమైనదైనప్పుడు, చేతిలో ఏమీ లేనివాడు ఆసుల జత ఉన్నవాడికంటె గెలుపుకు దగ్గరగా ఉంటాడు.

తార్కికులు వస్తువు పుట్టకముందున్న లేమిని ప్రాగభావమన్నారు. డ్రాను ఆ పేరుతో పిలవాలని మొదట తోస్తుంది. అయితే ప్రాగభావం కల వస్తువు ఎప్పటికో పుట్టితీరుతుంది; డ్రాలోని ముక్క ఎన్నటికీ రాకపోవచ్చు. ఉన్నదానికీ లేనిదానికీ నడుమ, రావచ్చునేమో అన్న స్థితికి అంకె రూపంలో వెల కట్టడం ఆ పరిభాషకు లొంగని పని. ఐరోపాలో ఆ పని 1654లో పాస్కల్, ఫెర్మాల నడుమ నడిచిన ఉత్తరాలలో ఒక కొలిక్కి వచ్చింది. వారి ముందున్న సమస్య, మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెం సొమ్మును ఇద్దరికీ ఎలా పంచాలన్నది. జరిగిన ఆటను చూసి కాక, జరగవలసిన ఆటలోని అన్ని దారులను లెక్కించి పంచాలన్నది వారి పరిష్కారం. డ్రాకు వెల కట్టే ప్రతి ఆటగాడూ చేసేది ఇదే.

సగటు ఎవరికి?

ఇంతవరకు వచ్చిన లెక్క ఆటగాడికి ఒక సమర్థన ఇస్తుంది. నూటికి 54 సార్లు గెలిచే పందెం ఒడ్డడం తప్పు కాదు. ఈసారి ఓడినా నిర్ణయం సరైనదే. పదే పదే ఆడితే లాభమే. ఈ సమర్థనలో బరువంతా 'పదే పదే' అన్న మాట మీద ఉంది. సొమ్ము నేరుగా పెట్టి ఆడే బల్ల దగ్గర అది చెల్లుతుంది. ఓడినవాడు జేబులోంచి మరికొంత తీసి మళ్ళీ కూర్చోవచ్చు. తిరిగి ప్రవేశం లేని పోటీలో అది చెల్లదు. అక్కడ అందరూ ఒకే రుసుము కట్టి, సమానమైన చిప్పులతో మొదలుపెడతారు. చిప్పులు పోతే ఆటగాడు బయటికి వెళ్ళిపోవలసిందే. సగటు అనేది ఆటలో మిగిలి ఉన్నవాడికి దక్కేది.

పోటీలో మరొక సంగతి ఉంది. చిప్పులు డబ్బు కావు. రెట్టింపు చిప్పులకు రెట్టింపు బహుమానం లేదు. దీనిని చిన్న లెక్కతో చూపవచ్చు. ముగ్గురు మిగిలారు, ముగ్గురి దగ్గరా సమానంగా చిప్పులున్నాయి, బహుమానాలు 50, 30, 20 అనుకుందాం. చిప్పుల పాళ్ళను బట్టి గెలుపు అవకాశం ఉంటుందన్న సాధారణమైన ఊహ మీద, ఒక్కొక్కరి స్థితి విలువ 33.3. ఒకడు తన చిప్పులన్నీ ఒడ్డి ఇంకొకడిని బయటికి పంపితే అతడి స్థితి విలువ 43.3 అవుతుంది; ఓడితే మూడవ బహుమానం 20 మాత్రమే. వచ్చేది 10, పోయేది 13.3. ఈ పందెం సమం కావాలంటే గెలుపు అవకాశం నూటికి 57 దాటాలి. పైన చెప్పుకున్న డ్రాకు 54 మాత్రమే ఉంది. కనుక ముక్కల లెక్క ప్రకారం ముందంజలో ఉన్నవాడు కూడా, ఎదుటివాడు ఒడ్డిన పందానికి ఇక్కడ ఒప్పుకోకూడదు. తానే ముందుగా ఒడ్డితే సంగతి వేరు. అప్పుడు ఎదుటివాడు భయపడి తప్పుకునే అవకాశం కూడా తనకు కలిసివస్తుంది. డేవిడ్ స్క్లాన్‌స్కీ రచనలు ప్రచారంలోకి తెచ్చిన 'సెమీ-బ్లఫ్' అనే మాటకు అర్థం అదే. డానియల్ బెర్నూలీ 1738లోనే, ఒకే మొత్తం సొమ్ము పేదవాడికీ ధనవంతుడికీ ఒకే విలువ చేయదని వాదించాడు. ఒకే చిప్పు కూడా గెలిచినప్పటికీ ఓడినప్పటికీ వేర్వేరు విలువ చేస్తుందని పోటీ చూపిస్తుంది.

ఈ లెక్కలవల్ల తేలేది, వివేకానికి రెండు అంతస్తులున్నాయని. ముక్కల అవకాశం తెలుసుకోవడం మొదటిది. ఆ అవకాశాన్ని తన బ్రతుకు ఎంతవరకు భరించగలదో తెలుసుకోవడం రెండవది. అయితే రెండూ ఇంకా వివేకానికి సంబంధించినవే. నీతి ఇక్కడ ఇంకా ప్రవేశించలేదు.

రాని ముక్క

2003లో లాస్ వేగస్‌లోని బినియన్స్ హార్స్‌షూలో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో 839 మంది పాల్గొన్నారు. ప్రవేశ రుసుము 10,000 డాలర్లు. ఇంటర్నెట్‌లో జరిగిన చిన్న అర్హత పోటీ గెలిచి అక్కడికి వచ్చిన టెనెసీ అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్, చివరికి పేరుమోసిన వృత్తి ఆటగాడు సామీ ఫర్హాకు ఎదురుగా కూర్చున్నాడు. గెలిచినవాడికి 25 లక్షల డాలర్లు, ఓడినవాడికి 13 లక్షలు. ఇద్దరే మిగిలినప్పుడు పైన చెప్పిన అసమత ఉండదు. 13 లక్షలు ఇద్దరికీ ఖాయం, మిగిలిన 12 లక్షలకే పోటీ. ఆ ద్వంద్వంలో వచ్చిన ఒక పంపకం ఇప్పటికీ చర్చకు వస్తుంది.

మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు. ఫర్హా చేతిలో ఇస్పేటు రాణి, ఆఠీను తొమ్మిది. బల్లమీద ఇస్పేటు తొమ్మిది, డైమను రెండు, ఇస్పేటు ఆరు, ఆ తరువాత ఇస్పేటు ఎనిమిది. ఫర్హాకు తొమ్మిదుల జత ఉంది. మనీమేకర్‌కు ఏమీ లేదు. కాని ఇస్పేటు పడితే రంగు, అయిదు గాని పది గాని పడితే వరుస. అతడికి కనబడని 46 ముక్కలలో పనికివచ్చేవి 15. ఒక్క ముక్కే మిగిలి ఉంది కనుక అవకాశం నూటికి 33కు దగ్గర. రెండు చేతులనూ చూడగలిగిన ప్రేక్షకుడి లెక్క వేరు. రాజు పడినా ఫర్హా జత ఓడుతుంది; ఒక ఇస్పేటు ఫర్హా చేతిలోనే ఉంది; కనుక 44 ముక్కలలో 17, నూటికి 39కి దగ్గర. మనీమేకర్ పందెం పెంచాడు, ఫర్హా ఒప్పుకున్నాడు. చివరి ముక్క ఆఠీను మూడు. డ్రా తప్పిపోయింది. మనీమేకర్ అప్పుడు తన చిప్పులన్నీ ముందుకు తోశాడు. ఫర్హా చాలాసేపు ఆలోచించాడు, ఎదుటివాడి రంగు తప్పిందేమోనని పైకే అన్నాడు, చివరికి గెలిచే ముక్కలను దించేశాడు.

టెలివిజన్‌లో మూసిన ముక్కలను కూడా చూపారు కనుక చూసినవారికి ఇది సాహసంగా కనిపించింది. ఫర్హా ఒప్పుకుని ఉంటే అదే పని మూర్ఖత్వంగా కనిపించేది. చర్యలో తేడా లేదు. తీర్పు మాత్రం ఇంకొకడి నిర్ణయం మీద ఆధారపడింది. బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 1976లో 'నైతిక అదృష్టం' అన్న పేరుతో చర్చకు పెట్టిన సమస్య సరిగా ఇదే: మనిషి అధీనంలో లేనివాటిని బట్టి మనిషిమీద తీర్పు చెప్పడం న్యాయమా? ఇటువంటి చోట గీతలోని ఫలత్యాగాన్ని స్మరించడం తెలుగు వ్యాసకర్తలకు పరిపాటి. ఆ స్మరణ ఇక్కడ అంతగా ఉపకరించదు. ఫలాన్ని ఆశించకుండా పందెం ఒడ్డేవాడు లేడు. ఫలం కోసం చేసే పనిలోనే నిర్ణయాన్నీ ఫలాన్నీ విడదీసి చూడడం ఎలా అన్నది సమస్య.

విడదీసి చూస్తే మనీమేకర్ మీద నైతికాక్షేపణ చేయడానికి ఏమీ దొరకదు. బ్లఫ్ అబద్ధం కదా అంటే, ఆ అబద్ధానికి అవకాశం ఉన్నదని తెలిసే ఇద్దరూ కూర్చున్నారు. లోభం కదా అంటే, అతడు పోగొట్టుకోగలిగినదంతా ప్రవేశ రుసుముతోనే ముందే చెల్లించబడింది. జేబుకూ బల్లకూ నడుమ పోటీ ఒక గోడ కట్టింది. భారతంలోని జూదాలకు లేనిది ఈ గోడే.

తాండ్రచెట్టు కింద

నన్నయ ఆరణ్యపర్వంలో తెనిగించిన నలోపాఖ్యానం తెలుగువారికి చిరపరిచితం. శ్రీనాథుని శృంగారనైషధం శ్రీహర్షుని ననుసరించి నలదమయంతుల దాంపత్య సుఖం దగ్గరే ముగుస్తుంది, జూదం దాకా రాదు. తెలుగు పాఠకుని మనసులో నలుడనగానే హంస మెదలి, పాచికలు మెదలకపోవడానికి అదొక కారణం కావచ్చు. వ్యాసభారతంలోని కథలో మాత్రం పాచికలే కీలకం.

బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని సారథిగా ఉన్న నలుడు రథం తోలుతుండగా దారిలో ఒక తాండ్రచెట్టు కనిపిస్తుంది. వైదిక కాలంలో జూదమాడింది ఈ చెట్టు కాయలతోనే. ఋగ్వేదం పదవ మండలంలోని 34వ సూక్తం ఆ కాయల మోహంలో పడి భార్యను దూరం చేసుకున్నవాడి గోడు. ఋతుపర్ణుడు రెండు కొమ్మలను చూసి ఆకులు అయిదు కోట్లనీ, పండ్లు 2095 అనీ చెబుతాడు. నలుడు నమ్మడు. రథం ఆపి, చెట్టు కొట్టి, పండ్లు లెక్కపెడతాడు. లెక్క సరిపోతుంది. ఈ సంఖ్యా నైపుణ్యమూ అక్షహృదయమూ ఒకే విద్యలోని రెండు ముఖాలని ఋతుపర్ణుని మాటలవల్ల తెలుస్తుంది. అశ్వహృదయానికి బదులుగా నలుడు దానిని గ్రహిస్తాడు. గ్రహించగానే కలి అతడి శరీరం విడిచి ఆ తాండ్రచెట్టునే ఆశ్రయిస్తాడు. సంభావ్యతా భావన పుట్టుకను పరిశోధించిన ఇయాన్ హాకింగ్ 1975 నాటి తన గ్రంథంలో ఈ ఘట్టాన్ని ప్రస్తావించడం గమనార్హం. కొంత చూసి మొత్తం అంచనా కట్టడానికీ జూదానికీ సంబంధం ఉందని ఇంత ప్రాచీనమైన కథ గుర్తించింది.

ఇక్కడికి కథ జ్ఞానవిజయంగానే కనిపిస్తుంది. లెక్క తెలియనివాడు ఓడాడు, లెక్క నేర్చి గెలిచాడు. సామాన్యంగా చెప్పే అన్వయం ఇదే. కాని రెండు జూదాలనూ పక్కపక్కన పెట్టి పణాన్ని మాత్రమే పరిశీలిస్తే వేరొక సంగతి బయటపడుతుంది.

మొదటి జూదంలో కలి నలుని ఆవేశించి ఉన్నాడు. రాజ్యమంతా పోయిన తరువాత పుష్కరుడు, దమయంతి ఒక్కతే మిగిలిందనీ ఇష్టమైతే ఆమెను ఒడ్డమనీ అంటాడు. నలుడు గుండె పగిలినంత బాధపడి, మారుపలకక, ఆభరణాలు తీసివేసి కట్టుబట్టతో బయలుదేరతాడు. వివేకమంతా నశించిన ఆ స్థితిలో కూడా ఒక ఎల్ల అతడికి తెలిసే ఉంది. రెండవ జూదంలో కలి లేడు, అక్షహృదయం ఉంది. నలుడు తిరిగి వచ్చి పుష్కరుణ్ణి ఒకే పందెపు ఆటకు పిలుస్తాడు. తాను ఆర్జించిన ధనంతోపాటు దమయంతిని తానే పణంగా చెబుతాడు. పుష్కరుడు ఆమె తనకు దక్కబోతున్నదని సంతోషిస్తాడు. నలుడు కోపిస్తాడు, ఆడతాడు, గెలుస్తాడు, తమ్ముణ్ణి క్షమిస్తాడు. అవివేకి నిరాకరించిన పణాన్ని వివేకి ఒడ్డాడు.

దీనికి ఒక సమాధానం చెప్పవచ్చు: అక్షహృదయం తెలిసినవాడికి ఓటమి లేదు కనుక ఆ పణం పేరుకు మాత్రమే. ఈ సమాధానం ఉభయతఃపాశం. గెలుపు నిశ్చితమైతే అది జూదం కాదు. తెలియనివాణ్ణి తెలిసినవాడు కూర్చోబెట్టి ఓడించడం, అంటే శకుని చేసిన పని. నిశ్చితం కాకపోతే, నూటికి ఎంత అవకాశమున్నా మిగిలిన పాలు దమయంతి మీద పడుతుంది. నూటికి 54 అయినా, 94 అయినా ఈ మిగిలిన పాలు ఎవరు భరిస్తారన్న ప్రశ్న మారదు. లెక్క తెలియడం వల్ల నలుడు ఓటమిని తగ్గించుకున్నాడు. ఆ ధైర్యంలోనే, తనది కానిదాన్ని ఒడ్డకూడదన్న పూర్వపు సంకోచాన్ని కూడా పోగొట్టుకున్నాడు.

సభలో ద్రౌపది వేసిన ప్రశ్న ఈ విషయాన్నే నిలదీస్తుంది. ధర్మరాజు నకులుడితో మొదలుపెట్టి తమ్ముళ్ళను, తనను, చివరకు ఆమెను ఒడ్డాడు. అతడికి ఆట రాదనీ, శకుని మోసగాడనీ వాదించడానికి ఆమెకు అవకాశం ఉంది. ఆమె అడిగింది అది కాదు. తనను తాను ముందు ఓడినవాడికి నన్ను ఒడ్డే అధికారం ఎక్కడిదని. అవకాశాల లెక్క ఆ ప్రశ్నలో ఎక్కడా లేదు. ధర్మరాజు తరువాత బృహదశ్వుని వలన అక్షహృదయం నేర్చాడు. విరాటుని కొలువులో కంకుభట్టుగా ఆ విద్యతోనే బ్రతికాడు. నేర్చిన విద్య సభలోని ప్రశ్నకు సమాధానమని మాత్రం భారతం ఎక్కడా చెప్పలేదు.

పోకర్ పోటీని తప్పుపట్టేవారూ సమర్థించేవారూ కూడా ఈ భేదాన్ని వదిలివేస్తున్నారు. భారతదేశంలో చర్చ నైపుణ్యమా, అదృష్టమా అన్న ఒక్క కొలత చుట్టూ తిరిగింది. సికిందరాబాదు క్లబ్బు ఒకదానికి సంబంధించిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం అందులో అవసరమన్నది ఒక కారణం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించినప్పుడు ఆ కొలతనే పక్కన పెట్టవలసి వచ్చింది. నైపుణ్యం ఉన్న ఆటలోనూ ఇళ్ళు గుల్లవుతాయని అనుభవం చెప్పింది కాబోలు. న్యాయపరంగా ఆ సవరణల మంచిచెడులు వేరే చర్చ. నైతికంగా చూస్తే కొలత మొదటినుంచీ పొరపాటు. అక్షహృదయం ఎంత ఉన్నదని అడుగుతున్నారు. పణం ఎవరిదని అడగడం లేదు.

ఆ ప్రశ్న అడిగితే పోటీ కట్టిన గోడ కూడా పరీక్షకు నిలవవలసిందే. పది వేల డాలర్లకు మించి పోదన్నది నిజం. ఆ పది వేలు ఎక్కడివి? పోకర్ ఆటగాళ్ళు తమ ప్రవేశ రుసుములో వాటాలు అమ్ముకోవడం ఆచారం. కొన్నవాడు గెలుపులో పాలు పొందుతాడు, ఓటమిలో తన వాటా వదులుకుంటాడు. ఇంకొకడి సొమ్మును పణంగా పెట్టడం ఇది కూడా. అయినా ఆ ఇంకొకడు తెలిసి, ఒప్పుకుని, ఎంతవరకో హద్దు పెట్టి ఇచ్చాడు. పిల్లల చదువుకు దాచిన సొమ్ముతో రుసుము కట్టినవాడి డ్రా నూటికి 54 కాక 80 అయినా, గోడ బల్లకు అవతలివైపునే కూలిపోయింది. అతడి నిర్ణయం ఆటగా ఎంత సరైనదైనా, ఆ సరితనం పిల్లలకు చెప్పగల సమాధానం కాదు. వాటాదారుకు మాత్రం అది సమాధానమే.

వాటా కొన్నవాడి స్థానంలో దమయంతిని ఊహించడానికి కథ ఎక్కడా తావివ్వదు. మొదటి జూదంలో ఆమె అంతఃపురంలోనే ఉంది. మంత్రులను పంపి ఆపడానికి ప్రయత్నించింది. ఓటమి తప్పదని గ్రహించి పిల్లలను వార్ష్ణేయుని వెంట పుట్టింటికి పంపింది. ఆ ఆటలో పోయే పాలు ఎంతో నలునికంటె ఆమెకే ముందు తెలిసింది. రెండవసారి నలుడు నిషధకు కొద్దిపాటి పరివారంతో వెళ్ళాడు. తనను ఒకే పందెంలో ఒడ్డిన వేళ దమయంతి విదర్భలో, తండ్రి ఇంట ఉంది.